లాకు కడుపుమంట

అగ్గిపెట్టెంత ఉంటాను గానీ, నేను ఒక లాకును. తెలుగు అక్షరాలు కొట్టే ఒక సాఫ్ట్‌వేర్‌తో పాటు నన్ను అమ్మేవారు. కంప్యూటరు వెనక నన్ను గుచ్చితేనే ఆ సాఫ్ట్‌వేర్ కళ్లు తెరిచేది. భీమిలిలో డీటీపీ షాపు నడిపే మంగతాయారు నన్ను కొనుక్కుంది. షాపు మూసేటప్పుడు నన్ను పీకి, చేతిరుమాల్లో చుట్టి ఇంటికి పట్టుకెళ్లేది. మెడలో గొలుసును కూడా అంత భద్రంగా చూసుకునేది కాదు. నాకు గర్వం తలకెక్కిందంటే ఎక్కదూ మరి!

చేపల వేట మానేసిన మైలపల్లి సోమరాజు అనే ముసలాయన ఆ షాపుకు వచ్చేవాడు. గాలుల పేర్లు, వలల పేర్లు, నీటి పోకడల పేర్లు ఆయన గుర్తొచ్చినప్పుడల్లా చెబుతుంటే ఆమె కొట్టేది. ఆరేళ్లలో పద్నాలుగు వందల మాటలయ్యాయి. అవి పుస్తకంగా రావాలన్నది ఆయన కోరిక. ఇంతలో కంప్యూటరు పాడైంది. కొత్త కంప్యూటరులో నన్ను గుచ్చే చోటే లేదు. నన్ను చేసిన కంపెనీ మూతపడి చాలా కాలమైందట. సీడీలో దాచిన ఫైలు తెరిస్తే అక్షరాలకు బదులు పిచ్చిగీతలు కనిపించాయి.



"తాయారమ్మా, ఆ మాటలు తెలిసినోలు ఇంకెవులూ నేరు. నాకే సగం గుర్తునేవు," అన్నాడు సోమరాజు.

ఆమె తల దించుకుంది. నాకు మాత్రం లోలోపల సంతోషమే. నేను లేనిదే పని జరగదని ఇప్పటికైనా తెలిసొచ్చింది కదా!

ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే జుబేదా మేడమ్ సంగతి విని ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ తెచ్చింది. పాత అక్షరాలను కొత్త అక్షరాలుగా మార్చే పని దానిది. దానికి లాకు లేదు. ఎవరైనా, ఎన్ని కంప్యూటర్లలోనైనా వేసుకోవచ్చట. నాకు ఒళ్లు మండిపోయింది. ఊరికే వచ్చినదాన్ని ఎలా నమ్మడమని మంగతాయారు కూడా ముఖం చిట్లించింది.

"ఊరికే రావడం చిన్న సంగతండీ," అంది జుబేదా. "జాకెట్టు కుట్టేటప్పుడు లోపల గుడ్డ వదులుతారు కదా, తర్వాత ఏ టైలరైనా విప్పి వదులు చేస్తాడు. ఇదీ అంతే. లోపలి కుట్టు అందరికీ కనిపిస్తుంది. కుట్టినవాళ్లు కొట్టు కట్టేసినా మనం సరిచేసుకోవచ్చు. మీ పాత అక్షరాలు దీనికి తెలియవు, మీరే నేర్పాలి."

ప్రోగ్రాము అంటే ఏమిటో తెలియని మంగతాయారు, ఎప్పుడో అచ్చువేసిన శుభలేఖల్ని, పిచ్చిగీతలైపోయిన వాటి ఫైళ్లని పక్కపక్కన పెట్టుకుని, ఏ గీత ఏ అక్షరమో ఇరవై రోజులు కూర్చుని పట్టిక రాసింది. నా గుట్టంతా ఆ కొత్తదాని చేతిలో పెట్టేసింది! జుబేదా ఆ పట్టికను సాఫ్ట్‌వేర్‌లో చేర్చింది. సోమరాజు మాటలన్నీ తెర మీదికి వచ్చేశాయి. ఆ సాఫ్ట్‌వేర్‌కు సాయం చేసినవారి జాబితాలో మంగతాయారు పేరూ ఎక్కింది. ఇరవై ఏళ్లు నాతో కాపురం చేసినా మా కంపెనీ బిల్లు మీద కూడా ఆమె పేరు సరిగా రాయలేదు. అసూయతో కుతకుతలాడిపోయాను.

పుస్తకం అచ్చయ్యాక సోమరాజు దాన్ని పడవల దగ్గరికి పట్టుకెళ్లి అందరిచేతా చదివించుకున్నాడు. తర్వాత పాలకొల్లు నుంచి ఒక డీటీపీ షాపామె ఫోన్ చేసింది. ఆ సాఫ్ట్‌వేర్‌లో చేరిన మంగతాయారు పట్టిక వల్ల తన పాత ఫైళ్లూ తెరుచుకున్నాయట. బదులుగా ఏం ఇచ్చుకోమంటారని అడిగింది.

"నాకేటీ వద్దమ్మా. మీ పక్క షాపోలకి కూడా ఇయ్యి," అంది మంగతాయారు.

సొరుగులో పడి ఉన్న నేను ఆ మాట విన్నాను. నన్ను పక్కవాళ్లకి కూడా ఇమ్మని ఎవరూ ఎన్నడూ అనలేదు. అనడానికి వీల్లేకుండానే నన్ను తయారుచేశారు.