హవల్దార్ పోతురాజు ఎడమకాలు

నేను ఒక కాలిని. ఎడమకాలిని. అమ్మ కడుపులోంచి వచ్చిన కాలిని కాను. పుణేలో ఒక వర్క్‌షాపులో కొయ్యా తోలూ కలిపి చేసిన కాలిని. డెబ్బయ్యొకటి యుద్ధంలో శత్రువు కాళ్ళబేరానికి వచ్చేలోగానే, హవల్దార్ కోన పోతురాజు కాలు మోకాలి కింద నుంచి మందుపాతరకు పోయింది. ఆ ఖాళీలో నన్ను భర్తీ చేశారు. పరుగు పందెం పెట్టకుండా మిలటరీలో భర్తీ అయింది బహుశా నేనొక్కదాన్నే.

గోదావరి జిల్లాలోని ఆయన ఊళ్ళో ఆయన్ని నలభై ఏడేళ్ళు మోశాను. గంగారత్నంతో వేసిన ఏడడుగుల్లో నావి మూడున్నర. కూతురు మంగతాయారుని వానాకాలం బురదలో భుజాన వేసుకుని అయిదేళ్ళు బడికి చేర్చాడు. రైసుమిల్లులో కాటా దగ్గర పాతికేళ్ళు నిలబడ్డాడు. ఎవరైనా చెయ్యి అందించబోతే, "నాకు లేంది కాలండీ, చేతులు రెండూ ఉన్నాయి" అనేవాడు. ఒకరిచేత లేపించుకోవడమంటే ఆయనకు చావే.

రోజూ పొద్దున్నే నా పట్టీలకు ఆముదం రాసేవాడు. కుడికాలి వైపు చూసేవాడు కాదు. సొంతకాలు కదా, ఎక్కడికి పోతుందని ధీమా! ఈలోగా షుగరొచ్చింది. మనుషుల ఒళ్ళు ఎంత విచిత్రమో చూడండి: లేని కాలు రోజూ నొప్పి పెట్టేది, ఉన్న కాలికి స్పర్శే పోయింది.

మొన్న జనవరిలో జెండా పండక్కి మిలటరీ బూట్లు తీశాడు. నాకు తొడిగే బూటుని అద్దంలా మెరిపించాడు. కుడి బూటులో చెయ్యి పెట్టి చూసుకోలేదు. అందులో మేకు తేలి ఉంది. మధ్యాహ్నం దాకా దాని మీదే నిలబడి సెల్యూట్ కొట్టాడు. ఇంటికొచ్చాక గచ్చు మీద నెత్తుటి అడుగులు చూసి గంగారత్నం కెవ్వుమంది. అన్నీ కుడికాలివే.

వారానికి పాదం నల్లబడింది. మోకాలి పైదాకా తీసేయాలనీ, తీయకపోతే మనిషి దక్కడనీ ఆసుపత్రిలో చెప్పారు.

"తీయించను," అన్నాడు.

"ఏవండీ, మీ కాళ్ళు పట్టుకుంటాను," అంది గంగారత్నం.

"తొందరగా పట్టుకో. ఒకటే ఉంది."

ఎవరూ నవ్వలేదు. "నీ జోకులు తగలెయ్య నాన్నా! మాకు నువ్వు కావాలి, కాలు కాదు," అని ఏడ్చింది మంగతాయారు.

"ఇదీ పోతే మంచం మీంచి నన్ను లేపేదెవరే? మీ అమ్మ నడుం చూశావా? బిందె ఎత్తలేదు."

"దీన్ని అయిదేళ్ళు బడికి మోశారు. నేను మిమ్మల్ని దొడ్డి దాకా మొయ్యలేనేంటండీ?" అంది గంగారత్నం.

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. మూడు రోజులు అలాగే పడుకున్నాడు. నాలుగోనాడు కాగితం అడిగి, నెంబరూ ర్యాంకూ వేసి మరీ సంతకం పెట్టాడు. అప్పటికి విషం ఒళ్ళంతా పాకింది. ఆపరేషనుకు తీసుకెళ్తూ నర్సు నన్ను ఊడదీసి గంగారత్నం ఒళ్ళో పెట్టింది. కాలు తీశారు. మనిషి రెండు రోజులుండి వెళ్ళిపోయాడు. కాలం చేశాడన్నారు అందరూ. కాళ్ళు రెండూ లేకుండానే చేశాడు.

ఇవాళ పొద్దున పాడె ఎత్తారు. ముందు పట్టిన మిల్లు సత్తిబాబు, "బరువే లేడేంట్రా," అన్నాడు పక్కవాడితో. తప్పుగా అనలేదు, మంచిగానే, జాలిగానే అన్నాడు. గంగారత్నం చెవిన పడింది.

"దింపండి," అంది.

దింపారు. లోపలికెళ్ళి నన్ను తెచ్చి, దుప్పటి తొలగించి, మోకాలి కింద మూడు పట్టీలూ బిగించి కట్టింది. ఒక్క ముడీ వదులు కాలేదు.

"చితి మీదికి తోలు పనికిరాదమ్మా," అన్నాడొక పెద్దాయన.

"పెళ్ళిపీటల మీద పనికొచ్చింది బాబాయ్," అంది ఆవిడ. "ఇప్పుడెత్తండి. నలుగురూ సరిగ్గా పట్టండి."

ఎత్తారు. మీకిదంతా దారి మధ్యలోంచి చెబుతున్నాను. ఊరిచివరికి ఇంకా కొంత దూరం ఉంది. సత్తిబాబు ఇప్పటికి రెండుసార్లు భుజం మార్చుకున్నాడు.