అర అంగుళం

ఫ్రేములాయన షట్టరెత్తి, గోడమీది బొమ్మను పాతగుడ్డతో తుడిచి, "ఏం పిల్లా, జలుబు తగ్గిందా?" అని రోజూలాగే పలకరించాడు. తలలో ఏది నెరుపో, ఏది రంపంపొట్టో తెలియని మనిషి. బొమ్మలో ఏడేళ్ళ పిల్ల పిల్లిని చంకనేసుకుని మూతి ముడుచుకుంది. ముక్కు కారుతోంది. ఆ పిల్లే ఇప్పుడు డెబ్బై దాటి, కొట్లో మూల కుర్చీలో టీ ఊదుకుంటోంది.

"నీ పలకరింపు నీ మొహంలా ఉంది. ముందు కిందపడ్డ మేకులు ఏరు" అంది మేనత్త.

తాత చట్రాలు కట్టేవాడు. ఖాళీ చట్రాలు ఎవరు కొంటారని నానమ్మ వాటికోసం చిత్రాలు వేసేది. చట్రం కొంటే చిత్రం ఊరికే. చిత్రమే మరి! తాతకి పేరొచ్చింది, నానమ్మకి రంగుల వాసన పడక తుమ్ములొచ్చాయి. ముక్కు కారే పిల్లను మాత్రం ఎవరూ ఇంటికి తీసుకెళ్ళలేదు.

టీ చల్లారేలోగా గ్యాలరీ ఆవిడ వచ్చింది. మొన్న ఫ్రేముకని వచ్చి, ఈ బొమ్మ దగ్గరే ఆగిపోయిన మనిషి.

"అప్పటి ఆడవాళ్ళు వేసిన బొమ్మలకి ఇప్పుడు ఎగబడుతున్నారండీ. కానీ సంతకం లేదే! ఎవరో మగాయన వేశాడనేస్తారు."

"వేసింది మా అమ్మ! ముక్కైనా తుడుచుకోనివ్వలేదు!" మేనత్త గయ్యిమంది.

"నేను నమ్ముతాను పెద్దమ్మగారూ, కొనేవాళ్ళు నమ్మరు. ఫ్రేము విప్పి చూద్దామా?"

ఫ్రేములాయన చట్రం మూలను వేలితో తడిమాడు. బొమ్మ పలకను గాడిలో దించి, మేకు లేకుండా తాత బిగించిన కట్టు అది. మూల పగిలితే మళ్ళీ అలా అతకదు. లోపల పేరు లేకపోతే తాత పనీ, నానమ్మ పేరూ రెండూ పోయినట్టే.

"అత్తా, కొట్టమంటావా?"

"కొట్టరా. మీ తాత ముడి నువ్వు కాక ఎవడు విప్పుతాడు?"

ఉలి పెట్టి కళ్ళు మూసుకుని కొట్టాడు. మూల టక్కున ఊడింది. ఇన్నేళ్ళూ చట్రం కప్పేసిన అంచులో రంగు నిన్న వేసినట్టుంది. అందులో గుండ్రటి అక్షరాలతో నానమ్మ పేరు.

మేనత్త కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తర్వాత కుర్చీ కదిలేలా నవ్వింది. "మా నాన్నంతేరా! ఎవరి బొమ్మైనా అర అంగుళం మింగేవాడు. పెళ్ళాం పేరైనా చూసుకోలేదు!"

మధ్యాహ్నానికి ఫ్రేములాయన అంచు మింగని కొత్త చట్రం కట్టాడు. బొమ్మను దుప్పట్లో చుట్టి గ్యాలరీ ఆవిడ కారెక్కించారు.

"పిల్ల ముక్కు జాగ్రత్త!" మేనత్త వీధి మలుపుదాకా వినబడేలా అరిచింది.

సాయంత్రం షట్టరు దించబోతూ ఫ్రేములాయన అలవాటుగా గుడ్డ పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళాడు. ఒక మూల నోరు తెరుచుకున్న తాత చట్రం మేకుకి వేలాడుతోంది. దాని నడుమ, బొమ్మ వేయించుకోవడానికి వచ్చినట్టు, ఒక బల్లి కదలకుండా కూర్చుంది.