తూము తలుపు

కొండల నడుమ ఉన్న ఆ చిత్తడినేలకు ఆయన ఇరవై రెండేళ్లుగా కాపలాదారు. ఏటా చలి ముదిరేసరికి అడవి బాతులు అక్కడికి వలస వచ్చేవి. ఆ ఏడు అవి రావడానికి పన్నెండు రోజులుందనగా, నీటిని ఆపే తూము తలుపు తుప్పుపట్టి విరిగిపోయింది. మూడో రోజుకే నీళ్లు ఏట్లోకి జారిపోయి బురద బయటపడింది.

అటవీ శాఖ ఆఫీసుకు పరుగెత్తితే అధికారి తలెత్తకుండానే, "వచ్చే ఏడు చూద్దాం. ఈలోపు కొంపలేం మునగవు," అన్నాడు.

"నీళ్లు లేకపోతే అవి దిగవు సార్. దారి మార్చుకుంటే మళ్లీ ఇటు రావు."

అధికారి ఇంకో ఫైలు తెరిచాడు.

కాపలాదారు కడుపు మండి అక్క దగ్గరికి వెళ్లాడు. బస్టాండు వెనక ఆమెకు వెల్డింగ్ షాపుంది.

"ఏడుపు మొహం పెట్టకు. కొలతలు చెప్పు," అందామె.

పాత ట్యాంకరు రేకు కోసి రెండు రోజుల్లో తలుపు తయారుచేసింది. కొండవాగు నీళ్లు ఇంకా తూములోంచి హోరుమని ఏట్లోకి పోతూనే ఉన్నాయి. ఇద్దరూ దాన్ని ఆటోలో తెచ్చి గాడిలో దించారు. సగం దిగి ఆగిపోయింది. అక్క పైనుంచి సుత్తితో ఎంత బాదినా కదల్లేదు.

"అడుగున రాయేదో అడ్డుందిరా!"

ఆయన చొక్కా విప్పి, గడ్డపార పట్టుకుని తూము ముందరి మడుగులో మునిగాడు. చలికి వేళ్లు కొయ్యబారాయి. మూడో మునకలో రాయి దొర్లింది. తలుపు ధబ్బున కూర్చుంది. అప్పటిదాకా చెవులు దిమ్మెక్కించిన హోరు ఒక్కసారిగా ఆగింది.

"ఒరేయ్, బతికే ఉన్నావా?" అక్క గట్టు మీంచి వంగి అరిచింది.

"ఉన్నాలే. ఆ దుప్పటి ఇటు పడెయ్!"

వారం తిరిగేసరికి నీళ్లు నడుం లోతుకు చేరాయి. కానీ బాతుల జాడ లేదు. పన్నెండో రోజు గడిచింది, పదమూడూ గడిచింది. ఆయనకు ముద్ద దిగలేదు.

పద్నాలుగో రోజు పొద్దున్నే కొండ మీంచి కూతలు వినిపించాయి. తొలి గుంపు నీటి మీద రెండు చుట్లు తిరిగింది.

"దిగండమ్మా, దిగండి," పొద్దున్నే వచ్చి పక్కన నిలబడ్డ అక్క గొణిగింది.

దిగాయి. వాటి వెనకే మరో గుంపు, ఇంకో గుంపు. మధ్యాహ్నానికి నీళ్లు కనబడనంతగా బాతులే. ఇన్నేళ్లలో ఒక్కరోజున అన్ని రావడం ఆయన చూడలేదు. సంగతి తెలిసి అధికారి కూడా వచ్చి, గట్టు మీద నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

"ఆ తలుపు ఎవరు చేశారు?" అన్నాడు చివరికి.

"నేనే," అంది అక్క తలెత్తి. "ఇరవై ఏళ్లదాకా ఢోకా లేదు."

అధికారి ఆమెకు చేతులు జోడించాడు. కాపలాదారు కళ్లు తుడుచుకుని, "అక్కా, షాపు తెరవవా?" అన్నాడు.

"ఇవాళ ఎవడు తెరుస్తాడ్రా!" అంటూ ఆమె తమ్ముడి చేతిలోని బైనాక్యులర్ లాక్కుంది.