పులిసిన పీపా

మస్కట్ హోటల్లో ఏళ్ల తరబడి బీరు పోసిన శివనాగరాజు, అమలాపురం సెంటర్లో సొంత బారు తెరిచాడు. సీసాలు కాదు, పీపా బీరే అమ్ముతాననీ, వారానికో కొత్త రకం తెప్పిస్తాననీ పంతం పట్టాడు. మొదటి వారమే కరెంటు పోయి, చల్లదనం తప్పి, పీపా పులిసిపోయింది.

“ఐసేసి పోసేద్దాం బావా, ఎవరు కనిపెడతారు?” అన్నాడు వాటాదారైన బావమరిది ప్రసాద్.

“నాలిక్కి తెలీదేంట్రా? ఒకసారి మోసపోయినోడు మళ్లీ మన గుమ్మం తొక్కుతాడా?” అని నాగరాజు పీపా మొత్తం మురుగుకాలవలో వంచేశాడు. లోపల ప్రాణం ఉసూరుమంది. బల్లల దగ్గరికొచ్చి, “ఇవాళ బీరు లేదండీ, రేపు దయచేయండి,” అన్నాడు. కొందరు విసుక్కుంటూ లేచి వెళ్లిపోయారు.

మర్నాడు జనరేటరు అద్దెకు తెచ్చి, కొత్త పీపా దింపించాడు. వచ్చింది నలుగురే. మొదటి గుక్క తాను రుచి చూసి, బాగుందనుకున్నాకే వాళ్లకు పోశాడు.

“ఆయ్, ఇదండీ బీరంటే!” అన్నారొకాయన.

ప్రసాద్ ఆయనకు మరో గ్లాసు అందించాడు.