నీలి దీపం కింద పసిపిల్ల

నేను ఒక నీలి దీపాన్ని. మొదట పట్నంలోని ఓ నర్సింగ్ హోమ్‌లో వెలిగాను. వాళ్ళు కొత్తది కొనుక్కుని నన్ను ఈ చిన్న ఊరి ఆసుపత్రికి దానమిచ్చి, పూలదండలేసి మరీ ఫోటో దిగారు. అప్పటినుంచి బాలింతల వార్డులోనే నా కాపురం.

మా వంశం చాలా పెద్దది. రేడియోకి పాటలు మోసుకొచ్చే తరంగాలు, పొయ్యి దగ్గర చెంపకు తగిలే వేడి, ఎముకల్ని చూపించే ఎక్స్‌రే, అందరూ మావాళ్ళే. ఇందులో మనిషి కంటికి ఆనేది ఎరుపు నుంచి ఊదా దాకా ఉన్న ఒక్క చిన్న ముక్క. కనబడిందే లోకమనుకుంటాడు పాపం! ఆ ముక్కలో నేనో తునకని. పసిపిల్లల ఒంట్లో చేరిన కామెర్ల పసుపును మార్చి బయటికి పంపే శక్తి ఈ నీలానికి ఎలా వచ్చిందో తలచుకుంటే నాకే ఒళ్ళు పులకరిస్తుంది.

ఒకసారి సింహాద్రమ్మ అనే ఆవిడ మనవరాలిని నా కింద పడుకోబెట్టారు. పుట్టి వారమైనా కాలేదు. కళ్ళకు గంతలు కట్టి, డైపర్ తప్ప అన్నీ తీసేశారు. మర్నాటికి పసుపు తగ్గకపోగా పెరిగింది.

"సాయంత్రానికి దిగకపోతే రక్తం మార్చాలి. మెదడుకెక్కితే ప్రమాదం" అన్నాడు డాక్టరు. బాలింత గొల్లుమంది.

నేను వెలుగుతూనే ఉన్నాను, ఏం లాభం! నర్సు అటు తిరగ్గానే సింహాద్రమ్మ పాత చీర ముక్క పిల్ల మీద కప్పేసేది. అడుగుల చప్పుడైతే లాగేసేది. నోరుంటే వార్డంతా వినబడేలా అరిచేదాన్ని.

చివరికి నర్సు రత్నకుమారి చూసేసింది. "ఏటమ్మా ఇది?"

"సంటిపిల్లకి సలేస్తాది గదమ్మా! ఎవులెవులో వచ్చి సూస్తన్నారు, దిష్టి తగల్దేటి?"

రత్నకుమారి కోప్పడలేదు. సింహాద్రమ్మ అరచేతిని నా కిందికి తెచ్చి, పైన ఆ గుడ్డ పట్టింది. చెయ్యి నీడలోకి పోయింది. "నీ చేతికే వెలుగు అందట్లేదు, పిల్లకెలా అందుద్దమ్మా? ఈ వెలుగే దానికి మందు."

సింహాద్రమ్మ గుడ్డను చంకలో కుక్కుకుని కూర్చుంది. చూడవచ్చినవాళ్ళ మీద మాత్రం కసురుకుంది.

సాయంత్రం పరీక్షలో పసుపు దిగింది. రక్తం మార్చక్కర్లేదన్నారు. సింహాద్రమ్మ డైపర్ మారుస్తుంటే పిల్ల ఆవిడ చేతుల మీదే వెచ్చగా పోసేసింది.

"అదిగోనమ్మా, కామెర్లు అలాగే పోతాయి" అంది రత్నకుమారి.

సింహాద్రమ్మ చేతులు తుడుచుకోలేదు. ఆ తడి చేతులే పైకెత్తి నాకు దణ్ణం పెట్టింది.