కోవాక్ మీద చెప్పిన అబద్ధం

గురజాల మిషన్ కాంపౌండులో యోబు మాస్టారికి ఉద్యోగం ఇప్పించింది ఆయనకు వచ్చిన చదువు కాదు, రాని చదువు. ఆయనకు ఇంగ్లీషు ముక్క రాదు. అమెరికా నుంచి కొత్తగా వచ్చిన దొరలకు తెలుగు నేర్పే మున్షీకి ఇంగ్లీషు వస్తే, కష్టమైన చోటల్లా దొర తన భాషలోకి దూరిపోతాడని మిషన్ వారి భయం. ఆ లెక్కన యోబు మాస్టారిని మించిన మున్షీ పల్నాడు మొత్తంలో లేడు. ఇరవై రెండేళ్లలో ఆరుగురు దొరలనూ ముగ్గురు దొరసానులనూ తెలుగు పరీక్ష గట్టెక్కించాడు. ప్రతిసారీ ఫలానా దొర పరీక్ష నెగ్గాడని మిషన్ రిపోర్టులో అచ్చయ్యేది. నేర్పినవాడి పేరు మాత్రం అచ్చయ్యేది కాదు. నెగ్గిన దొర వేరే ఊరి పని మీద వెళ్లిపోయేవాడు. పాసైనవాడికి పంతులుతో పనేముంది?

"రిపోర్టంతా ఇంగ్లీషేగా, అందులో నీ పేరు లేదని నీకెట్టా తెలుసు?" అని భార్య సారమ్మ ఒకసారి అడిగింది.

"ఉంటే ఎవరో ఒకరు చెప్పేవాళ్లు గదే," అన్నాడు మాస్టారు. ఆ ముక్క అన్నాక ఆ పూట అన్నం సరిగా తినలేదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటేడు వచ్చాడు మిల్లర్ దొర. ఇరవై ఆరేళ్లవాడు, తాటిచెట్టంత పొడుగు. సిగ్గేస్తే చెవులు పండు మిరపకాయల్లా ఎర్రబడేవి. చదవమంటే చదివేవాడు, రాయమంటే ముత్యాల్లా రాసేవాడు. మాట్లాడమంటే మాత్రం గొంతుకు తాళం పడేది. ఎక్కడ తప్పు దొర్లుతుందోనని ఆ తెల్లటి మనిషికి ఒకటే బెదురు. మొదటి పరీక్షలో బైబిల్లోని 'మంచి కాపరి' అనే విషయం మీద ప్రసంగం చేయమంటే "మంచి కాపరి... మంచి కాపరి..." అని పది నిమిషాలు నిలబడి కూర్చున్నాడు. ఫిబ్రవరిలో రెండో పరీక్ష. అదీ తప్పితే దొరను తెలుగుతో అవసరం లేని చోటికి, ఎక్కడో కొండల మీద ఇంగ్లీషు బడికి పంపేస్తారు. యోబు మాస్టారు ముసలివాడయ్యాడు, ఆయన్నీ మార్చాలని పై నుంచి ఉత్తరం కూడా వచ్చింది.

ఇలా ఉండగా ఒకరోజు దొరకు ఓడ మీద వాళ్ల నాన్న పంపిన పేపర్ల కట్ట వచ్చింది. పాఠం మధ్యలో దొర ఆ కట్ట వంక దొంగచూపులు చూస్తున్నాడు.

"ఏందండీ అందులో?" అన్నాడు మాస్టారు.

"బంతి... ఆట," అన్నాడు దొర. "మా ఊరి... జట్టు."

"చెప్పండి మరి. తెలుగులోనే."

దొర కూడబలుక్కుని చెప్పాడు. పదకొండు మంది ఇటు, పదకొండు మంది అటు. బంతి గుండ్రంగా ఉండదు, రెండు కొసలా మొన తేలి ఉంటుంది. దాన్ని చంకలో పెట్టుకుని అవతలి గీత దాకా పరిగెత్తాలి, లేదా ముందున్న తనవాడికి విసరాలి. అవతలివాళ్లు మీదపడి కింద పడేస్తారు. నాలుగు సార్లలో పది గజాలు పోలేకపోతే బంతి వాళ్లకు ఇచ్చేయాలి.

"కూత పెట్టరా?"

"లేదు."

"ఊపిరి బిగబట్టరా?"

"లేదు."

"అయితే నోరు మూసుకుని కొట్టుకుంటారన్నమాట. ఇందుకు కూలి ఏమైనా ఇస్తారా?"

"జీతం ఇస్తారు."

"పొలం పని ఎగ్గొట్టి చెడుగుడు ఆడినందుకు మా నాయన నన్ను చింతబరికెతో ఉతికాడు. జీతమంట!" అన్నాడు మాస్టారు.

దొర పుట్టిన ఊరు ఇనుము కరిగించే ఊరు. అందుకని ఆ జట్టుకు మాస్టారు 'కొలిమి జట్టు' అని పేరు పెట్టేశాడు. నెల తిరిగేసరికి ఆ జట్టు మీద ఆయనకు లేని అభిప్రాయం లేదు. హాల్ అనే పసుపు జుట్టువాడికే ఎప్పుడూ బంతి ఇవ్వడం కోచ్ తెలివితక్కువతనం. రెంటచింతల పిల్లల్ని అడిగినా చెబుతారు. మంచులో ఆడించడం పాపం. ఆఖరి పావుగంటలో చతికిలబడుతున్నారంటే పొద్దున కడుపు నిండా ఏమీ తినకుండా వస్తున్నారన్నమాట. ఆ రొట్టెముక్కలు మనిషికి ఆగుతాయా? కొలిమి జట్టు పది ఆటలాడితే ఏడు ఓడిపోయేది. అయినా మాస్టారు దాన్ని వదల్లేదు. గెలిచేవాళ్లకు జనం ఎట్టాగూ ఉంటారు, ఓడేవాళ్లకే మనం కావాలి అనేవాడు.

ఆదివారం గుళ్లో ప్రార్థన చేస్తూ, "దూరదేశంలో శ్రమపడుతున్న కొలిమివారిని బలపరచు ప్రభువా," అని కూడా కలిపేవాడు. ఎవరో జబ్బు మనుషులనుకుని సంఘమంతా ఆమెన్ అనేది. సంగతి తెలిసిన సారమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

"రెండు నెలల కిందట ఓడిపోయిన ఆటకు ఇప్పుడు ప్రార్థనేందయ్యా?"

"మనకు తెలిసిందాకా ఓడినట్టు కాదే!"

ఆ జట్టులో మాస్టారికి ప్రాణం కోవాక్. దొర వాళ్ల వీధివాడే, ఎండాకాలం కొలిమిలో పనిచేస్తాడు. ఆటలో ముందు వరసలో ఎడమ పక్కన నిలబడి, ఎదుటివాళ్లను గుండెతో నెట్టి దారి చేస్తాడు. ఆ దారిన హాల్ పరిగెత్తుతాడు. మూడేళ్లుగా కోవాక్ చేతికి బంతి తగల్లేదు. పేపర్లో అతని పేరు ఒక్కసారి కూడా పడలేదు. దొర వాళ్ల నాన్న ఉత్తరాల్లో రాస్తే తెలియడమే. మాస్టారు కూడా కుర్రతనంలో చెడుగుడులో కూతకు పోయిన రకం కాదు, వచ్చినవాడి కాళ్లు పట్టే రకం. మోకాలి మీద ఆ మచ్చ ఇంకా ఉంది. కోవాక్ సంగతి వచ్చినప్పుడల్లా ఆయన చెయ్యి తెలియకుండా ఆ మోకాలి మీదికి పోయేది.

ఒక పొద్దున మాస్టారు తన మానాన తాను, "వానలో బంతి విసరడం మంచి పనే చేశాడు మీ కోచ్," అన్నాడు. అంతే, దొర కుర్చీలోంచి లేచాడు. బల్ల గుద్దాడు. తడి బంతి ఎట్టా జారుతుందో, ఆ కోచ్ ఎంత మూర్ఖుడో అరగంట సేపు ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు. లింగాలు తప్పాడు, విభక్తులు తొక్కుకుంటూ పోయాడు, ఎక్కడా ఆగలేదు. మాస్టారు ఒక్క తప్పు కూడా దిద్దలేదు.

"దొరగారూ, ఇందాకటి నుంచి మీరు తెలుగులో పోట్లాడతన్నారు," అన్నాడు నెమ్మదిగా.

దొర తన పెదాలు తడుముకుని చూసుకున్నాడు.

ఇక అప్పటి నుంచి మాస్టారు ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే ఆ రోజుకు ఒక తప్పుడు అభిప్రాయం తయారుచేసుకుని వెళ్లేవాడు. ఇవాళ హాల్‌ని పొగిడేవాడు, రేపు కోచ్‌ని సమర్థించేవాడు. దొర రెచ్చిపోయేవాడు. పాఠం అంతా దొమ్మీ! ఒక్క కోవాక్ జోలికి మాత్రం మాస్టారు పోలేదు. అతని మీద సరదాకు కూడా అబద్ధం ఆడబుద్ధి కాలేదు. ఈ చదువు బాగుంది గానీ, దొర పాసైతే ఈ కబుర్లు ఇక ఉండవన్న బెంగ ఒకటి లోపల తొలుస్తూనే ఉంది. పేపర్లు వస్తే తనకు చదివి చెప్పేదెవరు?

పరీక్ష రోజు ఇద్దరూ పొద్దున రైల్లో నరసరావుపేట వెళ్లారు. మిషన్ బంగళాలో పరీక్ష చేసేవారు ఇద్దరు: నెరిసిన గడ్డం పెద్ద దొర ఒకరు, హైస్కూలు తెలుగు పండితులు గోపాలకృష్ణయ్య గారు రెండోవారు. మున్షీలు వరండాలోనే కూర్చోవాలి. లోపలికి ఒక్క మాట అందించినా పరీక్ష రద్దు, మున్షీ కొలువూ రద్దు. మాస్టారు కిటికీ పక్కన బల్ల మీద కూర్చున్నాడు. పక్కన బంగళా కాపలాదారు మహబూబ్ బీడీ చుట్టుకుంటున్నాడు.

చదవడం అయింది. రాయడం అయింది. ఇక ప్రసంగం. పండితులు చీటీ తీసి చదివారు. మళ్లీ 'మంచి కాపరి'.

"మంచి కాపరి..." అన్నాడు మిల్లర్ దొర.

తర్వాత ఏమీ వినపడలేదు. మాస్టారు కిటికీలోంచి చూశాడు. దొర చెవులు ఎర్రగా మండుతున్నాయి. చేతిలో టోపీ గుడ్డలా నలిగిపోతోంది. గోడ గడియారం ఐదు నిమిషాలు నడిచింది. పెద్ద దొర కలం మూత పెట్టేశాడు.

ఎటు తిప్పినా ఈ పిల్లవాడు మాస్టారిని వదిలి వెళ్లేవాడే. నోరు తెరుచుకుని వెళతాడా, మూసుకుని వెళతాడా అన్నదే మిగిలింది. మహబూబ్ వైపు తిరిగి, కిటికీ అవతలికి వినపడేటట్టు గొంతు పెంచాడు.

"వానలో బంతి విసరడం మంచిదే మహబూబూ!"

లోపల దొర తల కొద్దిగా కదిలింది. మళ్లీ వంగిపోయింది. ఆ మందు చాలలేదు. మాస్టారు చెయ్యి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"అసలా జట్టు మునిగిందే కోవాక్ వల్ల! పిరికోడు. ఎదుటోడు మీదికొస్తే పక్కకు తప్పుకునే రకం!"

"కోవాక్ ఎవరు మాస్టారూ?" అన్నాడు మహబూబ్ బీడీ పక్కన పెట్టి.

"ఏందీ!" అని లోపల్నుంచి కేక. "కోవాక్ పిరికోడా? మాస్టారూ, మీకేమైనా మతి పోయిందా? రెండు తూర్లు ముక్కు ఇరిగినా అడుగు ఎనక్కి ఏయలా ఆయన! దెబ్బలు తినేది కోవాక్, దండలేయించుకునేది హాల్! ఎవరి కోసం నిలబడ్డాడు? ఎనకాల వచ్చేవాడి కోసం! కాపరి అంటే ఎవరనుకున్నారు మీరు? ఎనకాల నిలబడి కర్ర తిప్పేవాడా? కాదు! తోడేలొస్తే గొర్రెను ఎనక్కి నెట్టి, తాను ముందుకొచ్చేవాడు! ప్రభువు అట్టాంటి కాపరి!"

అక్కడి నుంచి ఇరవై నిమిషాలు ఆగలేదు. కాపరి సంగతి చెప్పాడు, తోడేలు సంగతి చెప్పాడు, గొర్రెల్ని వదిలేసి జీతగాడు పారిపోయిన సంగతి చెప్పాడు. మధ్యమధ్య కోవాక్ వచ్చి పోతూనే ఉన్నాడు. అంతా అచ్చమైన గురజాల సంతలో వినపడే తెలుగు. ముగించేసరికి టోపీ నేల మీద ఉంది.

పెద్ద దొర ముఖం చిట్లించాడు. "మున్షీ మాట అందించాడు. నేను విన్నాను."

వరండాలో మాస్టారు లేచి నిలబడ్డాడు. తప్పించుకునే ఉద్దేశం ఆయనకు లేదు.

గోపాలకృష్ణయ్య గారు కళ్లజోడు తుడుచుకున్నారు. "అందించింది మాట కాదండీ, తప్పు. దానికి జవాబు దొరగారే సొంతంగా చెప్పుకున్నారు. పరీక్ష అంటే అదే కదా?"

"మరి వ్యాకరణం?"

"వ్యాకరణం సంతలో తప్పిపోయింది. కానీ రేపు ఈయన ఏ పల్లెకు వెళ్లినా జనం కూర్చుని వింటారు. నేను ప్రసంగిస్తే లేచిపోతారు," అన్నారు పండితులు. కిటికీ వైపు తిరిగి, "ఏమయ్యా యోబూ, మళ్లీ నా పరీక్షలో గొంతు పెంచావంటే ఊరుకోను," అని కలం తీసి పాస్ అని రాశారు.

మధ్యాహ్నం రైలెక్కారు. దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఎండుతున్నాయి, ఘాటు పెట్టెలోకి కొడుతోంది. దొర ఎదుటి రైతుతో, పక్కన కూర్చున్న అవ్వతో, టిక్కెట్లు చూసే ఆయనతో, దొరికినవాళ్లందరితో మాట్లాడేస్తున్నాడు. మాస్టారు మాత్రం కిటికీ వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు.

"పాసయ్యాం గదా మాస్టారూ, అట్టా ఉన్నారేంది?"

"ఆ మనిషిని పిరికోడన్నా. మనసు బాగాలేదు," అన్నాడు మాస్టారు. "మీరు ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాసి పెట్టాలి."

దొర పెన్సిలూ కాగితమూ తీశాడు. మాస్టారు గొంతు సవరించుకుని చెప్పసాగాడు.

"కోవాక్ గారికి గురజాల యోబు రాయించేది. మిమ్మల్ని నేను చూడలేదు. ఇయ్యాల పొద్దున నరసరావుపేటలో మిమ్మల్ని పిరికివాడన్నాను. అది అబద్ధం. ఒక పిల్లవాడికి నోరు రావాల్సి వచ్చి అన్నాను. లోపల విన్నవాళ్లకు మీ సంగతి దొరగారే చెప్పారు, బయట విన్నవాడు మహబూబ్. మీ సంగతి అతనికి చెప్పే రైలెక్కాను. మీ పేరు పేపర్లో ఎయ్యకపోయినా ఇక్కడ మిమ్మల్ని ఎరిగినవాడు ఒకడున్నాడు. మన్నించాలి."

దొర రాయడం ఆపి కళ్లు తుడుచుకున్నాడు. "మిరప ఘాటు," అన్నాడు.

"ఎప్పటికి అందుతుంది?"

"రెండు నెలలు. జవాబు రావడానికి ఇంకో రెండు."

"అప్పటికి మీరు ఏ మాచర్లలోనో ఉంటారు. అది నాకు చదివి పెట్టేదెవరు?" ఆ మాట మాస్టారు నవ్వుతూనే అన్నాడు గానీ నవ్వు నిలబడలేదు.

"సోమవారం పాఠం ఎన్నింటికి మాస్టారూ?"

"పాసైనవాడికి పాఠమేందండీ?"

"నాకు కాదు, మీకు. ఇంగ్లీషు. నాకు ఎక్కడ పని ఇచ్చినా సోమవారం రైలెక్కి వస్తా. జవాబు మీరే చదువుకోవాలి. పేపర్లు కూడా."

ఇరవై రెండేళ్లుగా ఇంగ్లీషు రాకపోవడమే యోబు మాస్టారికి అన్నం పెట్టింది. వెళ్లిపోయిన దొరల్లో ఒక్కడు కూడా ఆయనకు ఈ మాట అనలేదు. దొర కాగితం అడుగున పెద్ద అక్షరాలతో ఏదో రాసి ఆయన ముందు పెట్టాడు.

"ఇదేంది?"

"మీ పేరు."

మాస్టారు ఆ అక్షరాలను చాలాసేపు చూశాడు. రిపోర్టుల్లో అన్నేళ్లు వెతికినా ఎట్టుంటుందో తెలియని పేరు ఇది. వేలితో ఒక్కో గీతా తడిమాడు.

"బాగుంది," అని పెన్సిలు చేతిలోకి తీసుకున్నాడు. "ముందు కోవాక్‌ది రాయడం చూపించండి. మన్నించమని అడిగేది ఆయన్ను గదా."