కాజాలక్క గుండీల డబ్బా

సాయంత్రంలోగా పద్నాలుగు కోట్లకు గుండీల కాజాలు కుట్టాలి. నల్లకోటు కాలరు దగ్గర వంకరపోయిన కాజా విప్పి మళ్లీ కుట్టాలి. పదకొండింటికి ఆసుపత్రిలో రక్తపరీక్ష రిపోర్టు చూపించుకోవాలి. భోజనం కాగానే మాత్ర వేసుకోవాలి.

వీటిలో వాయిదా వేయగలిగింది మాత్ర ఒక్కటేనని కాజాలక్క లెక్క.

ఇరవై ఆరేళ్లుగా ఆ కుట్టుదుకాణంలో కిటికీ పక్క ముక్కాలిపీట ఆమెది. ఉబ్బిన రెప్పలు, వంగిన మెడ, కుడిచేతి మధ్యవేలికి ఇత్తడి తొడుగు. ఐదేళ్ల కిందట రక్తక్యాన్సర్ అన్నారు. రోజుకో మాత్ర వేసుకుంటే మామూలుగా బతకొచ్చన్నారు. నిజంగానే బతికింది. కానీ మాత్ర వేసుకున్న రోజు వేళ్లు కొంకర్లు పోయేవి. సూది జారేది.

పోయిన ఏడాది దుకాణం మాస్టారు కాజాల మిషను కొన్నాడు.

“ఏం అక్కా, నా కొత్తకోడలు నీకంటే చురుగ్గా ఉందే!” అన్నాడు పొద్దున్నే, మిషను మీద చెయ్యేసి.

“ఆ నల్లకోటు ఇచ్చి చూడు. కాలరుతో పాటు నీ నోరూ కుట్టేస్తుంది.”

మాస్టారు నవ్వాడు. ఆమె నవ్వలేదు. మిషను వచ్చినప్పటి నుంచి, పని ఎక్కువున్న రోజు మాత్ర మానేస్తోంది. పని తక్కువున్న రోజంటూ ఈ మధ్య రాలేదు.

డాక్టరమ్మ రిపోర్టు రెండుసార్లు చదివింది.

“ఇన్నాళ్లూ ఎంతో బాగుందే! మళ్లీ పెరిగింది. మాత్రలు మానేశారా అమ్మా?”

“లేదండీ.”

“ఒక్కరోజు కూడా?”

బల్ల కింద కాజాలక్క కాలు ఆగకుండా ఆడుతోంది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే కూతురికి తెలుస్తుంది. కూతురు పని మాన్పిస్తుంది.

“లేదండీ. వెళ్లనా? కోట్లున్నాయి.”

ఆ మందు ఎవరికెలా పనిచేస్తోందో రాసుకునే పుస్తకంలో, ఆమె వరుసకెదురుగా డాక్టరమ్మ ‘మందుకు లొంగలేదు’ అని రాసింది; ఆమె చీటీలోనూ అదే రాసింది. వచ్చే వారం వేరే మందు మొదలుపెడదామంది.

కాజాలక్క భోజనం నిలబడే ముగించింది. మాత్ర చేతిలోకి తీసుకుంది. కాసేపు చూసింది. పీట కింది గుండీల డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టింది.

సాయంత్రానికి పద్నాలుగు కోట్లూ ఇస్త్రీకి వెళ్లాయి. నల్లకోటులో తిరిగి కుట్టిన కాజా ఏదో మాస్టారికే తెలియలేదు.

కొత్త మందు మొదలయ్యేసరికి జబ్బు ముదిరిపోయింది. నాలుగో నెలలో ఒక ఉదయం ఆమె వేళ్లు దుప్పటి అంచు మీద కుడుతున్నట్టు కదిలి, కదిలి, ఆగాయి.

డబ్బాను మాస్టారు కాజాలక్క కూతురికి అప్పగించాడు. పైన గుండీలు. అడుగున గుప్పెళ్లకొద్దీ మాత్రలు. ఆ పిల్ల దాన్ని అలాగే ఆసుపత్రికి పట్టుకెళ్లింది.

“మందు తప్పు కాదండీ. వేళ్లు కొంకర్లు పోతాయని మా అమ్మే వేసుకోలేదు. చీటీలోనూ మీ పుస్తకంలోనూ రాసింది దిద్దండి. రేపొచ్చేవాళ్లు ఈ మందును నమ్మకుండా పోతారు.”

డాక్టరమ్మ దిద్దింది. “వేళ్లు పట్టేస్తున్నాయని ఒక్క మాట చెప్పుంటే, దానికీ దారి చూసేవాళ్లం కదమ్మా” అంది.

డబ్బా ఇప్పుడు డాక్టరమ్మ బల్ల మీదే ఉంది. మీరెప్పుడైనా అక్కడ కూర్చుని, మానేసిన మాత్ర సంగతి చెప్పడానికి నోరు రాకపోతే, ఆ గుండీలను చూసి కాజాలక్కను ఒక్కసారి తలచుకోండి.